పల్లపు చివర ఆరిళ్ళు

మేస్త్రీ మోకాళ్ళ కింద గోనెపట్టా మడిచి వేసుకుని, వీధిలో పరిచిన సిమెంటు బ్లాకుల మధ్య సందుల్లోకి సన్న రాతి చిప్స్ చీపురుతో తోస్తున్నాడు. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు, ఆ కింద జానెడు కంకర. వాన పడితే నీళ్ళు వీధిలో పారకుండా అక్కడికక్కడే నేలలోకి దిగిపోవాలి. రోడ్ల ఇంజనీరమ్మ నేర్పిన పని ఇది.

నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషికి సందు వదలడమంటే గుండీలు పెట్టుకోకుండా పెళ్ళికి వెళ్ళినంత పని. పైగా నున్నటి పనికి అతనికి ‘అద్దం మేస్త్రీ’ అని పేరు. కిందటి వేసవిలో చెల్లెలి వీధిలో ఈ బ్లాకులు పరిచినప్పుడు బావ గుమ్మంలో నిలబడి పదిమంది ముందూ అన్నాడు:

“ఏం బావా, అద్దం మేస్త్రీ పని పళ్ళూడిన నోరులా ఉందే! చూపు ఆనడం లేదా?”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ ఆదివారం వీధిలో ఎవరూ లేనప్పుడు వెళ్ళి, బావ గుమ్మం నుంచి పల్లపు చివరి దాకా ఆరిళ్ళ మేర సందుల్లో సిమెంటు పాలు పోసి నున్నగా తుడిచాడు. ఇంజనీరమ్మ కంట పడకుండా పైన చిప్స్ పొడి చల్లాడు. ఆరిళ్ళ మేర మూస్తే ఏం మునిగిపోతుందిలే అనుకున్నాడు.

మొన్నటి పెద్ద వానకి ఆ ఆరిళ్ళలోకీ నీళ్ళు వచ్చాయి.

పదింటికి ఇంజనీరమ్మ వచ్చి అతని పక్కనే గొంతుక్కూర్చుంది. చెప్పుల నిండా బురద.

“మేస్త్రీ గారూ, మీ చెల్లెలి వీధిలో ఎగువన బిందెడు నీళ్ళు పోస్తే చిటికెలో దిగిపోయాయి. దిగువన చుక్క దిగలేదు. మీకేమైనా తోస్తోందా?”

చీపురు ఆగింది. చెబితే ఈ వయసులో పని పోతుంది. బావ నోట్లో జన్మంతా నానాలి.

“మట్టి పేరుకుందేమోనమ్మా,” అన్నాడు చిప్స్ వంక చూస్తూ.

ఆవిడ చెప్పుకి అంటిన బురద పుల్లతో గీసింది. “పని చూసుకోవలసింది నేనే. నా లెక్క తప్పిందని రాసిచ్చాను. వేరే ఊరు వేశారు, ఇవాళే వెళ్ళిపోతున్నా. ఆ వీధంతా తవ్వి కాంక్రీటు పోస్తారట.” లేచి నిలబడి, “మోకాళ్ళు జాగ్రత్త,” అంది.

సిగ్గుతో అతని చెవులు మండిపోయాయి. అయినా మళ్ళీ చీపురందుకున్నాడు.

మధ్యాహ్నం చెల్లెలింటికి భోజనానికి వెళ్ళాడు. తడిసిన పరుపులు గోడకి చేరేసి ఉన్నాయి. చెల్లెలు కుట్టుమిషను మోటారు విప్పి ఎండలో పెట్టింది. అది తిరిగితేనే ఆ ఇల్లు గడిచేది. బావ అన్నం ముందు కూర్చుని ఇంజనీరమ్మని దుమ్మెత్తి పోస్తున్నాడు.

“చదువుకున్నావిడ నిలువునా ముంచింది బావా! నీ పనికి వంకేముంది? అద్దంలా ఉంది.”

తనకి పడాల్సిన తిట్లు ఆవిడకి పడుతుంటే వింటూ తింటున్నాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన తిండి ఉంటుందా?

“తప్పు ఆవిడది కాదు,” అన్నాడు కంచంలోకి చూస్తూ. “సందులు నేనే మూసేశాను బావా. నువ్వు నవ్వావని.”

చెల్లెలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “నువ్వా అన్నయ్యా?” అంది.

అతను చెయ్యి కడుక్కుని ఇంజనీరమ్మ ఆఫీసుకి పరుగులాంటి నడక నడిచాడు. ఆవిడ బస్సెక్కేలోగా, ఆవిడ ఎదురుగానే పెద్ద ఇంజనీరుతో చెప్పెయ్యాలి. పని పోతే పోనీ.

ఆవిడ గది తలుపు తీసే ఉంది. బల్ల తుడిచేసి ఉంది.

“బస్సు వెళ్ళి అరగంటయింది,” అన్నాడు బంట్రోతు, సొరుగులోంచి ఒక కాగితం పొట్లం తీస్తూ. “మీకిమ్మన్నారు. ఎప్పటికైనా వస్తారు, దాచి ఉంచమన్నారు.”

“ఇంకేమైనా చెప్పారా?”

“ఏం చెప్పలేదు.”

పొట్లం విప్పాడు. సందులు గోకే సన్నటి ఇనుప కొక్కెం. దాని మొనకి సిమెంటు పొడి అంటుకుని ఉంది.