వైశాల్యం లేని త్రిభుజం

“ఇంట్లనే ఉన్నవ్ గద బిడ్డా, జర గీ చింతపండు పిసికియ్యి” అంటూ అత్తగారు అండాలమ్మ పెద్ద గిన్నె తెచ్చి జ్యోతిక కీబోర్డు పక్కనే పెట్టింది.

సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు లేవు. ఆఫీసేమో ఊరికి ఆ చివరన. జ్యోతిక దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లో నుంచే పనిచేస్తోంది. అదేం పనో ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. గోడలు, గొట్టాలు, గోళాలు, ఏ ఆకారాన్నైనా కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిపెట్టే కోడ్ లైబ్రరీ అది. ఇళ్ల నమూనాలు తయారుచేసే ప్రోగ్రాములు దాన్ని వాడుకుంటాయి. భర్త మధు మాత్రం “మా ఇంటామె బొమ్మలు గీస్తది” అని స్నేహితులకు చెబుతుంటాడు.

ఆ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే తిని నిరసన తెలపడం. వండేది మధు. పెళ్లయ్యాక ఇంట్లో పొయ్యి వెలిగించిన పాపాన పోని మధు! జ్యోతిక చింతపండు పిసికింది, పచ్చిమిర్చి చీల్చింది, పోపు వేయించి డబ్బాకెత్తింది. తెలంగాణ ఆమెకూ కావాలి, మనసారా కావాలి. అందుకే విసుక్కోలేదు.

అతను డబ్బాలన్నీ ఆటోలో పెట్టుకుని వెళ్లాక టీమ్ లీడర్ పట్టాభి ఫోన్ చేశాడు.

“నమూనా ఇంటి గోడలో ఆ త్రిభుజాన్ని ఇంకా ఎందుకుంచారమ్మా? మూడు బిందువులూ ఒకే గీత మీదున్నాయి. వైశాల్యం సున్నా. తీసి పారేయండి, సాయంత్రానికి లైబ్రరీ విడుదల చేసేద్దాం.”

చెప్పినట్టే తీసేసి చూసింది. తెర మీది ఇంట్లో రెండు పలకలు కలిసే చోట గోడ నిలువునా నెర్రె విచ్చింది. ఇన్నాళ్లూ ఆ అతుకును పట్టి ఉంచింది ఆ త్రిభుజమే. జ్యోతిక ఆ నెర్రెను బొమ్మగా దాచిపెట్టుకుంది.

“ఓ జ్యోతీ, ఉరికి రా! నా కొడుకు వంట చేస్తుండు!” హాల్లోంచి అండాలమ్మ కేక.

టీవీలో మధు. మెడలో కండువా, చేతిలో పారంత గరిటె, గంగాళంలో పులిహోర. “మగవాళ్లే గరిటె పట్టారు” అని విలేకరి మురిసిపోతున్నాడు. జ్యోతిక గోళ్ల సందుల్లో మిరపకాయ ఇంకా మండుతోంది. ఏడుపొచ్చింది. వెంటనే ఆ ఏడుపు మీద కోపమొచ్చింది. లోపలికెళ్లి త్రిభుజాన్ని దాని చోట పెట్టి, పట్టాభికి ఫోన్ చేసింది.

“నేను తీసెయ్యను సార్. తీసేస్తే గోడ పగులుతోంది.”

“సున్నా కోసం ఇంత పట్టుదలా?”

“అవును సార్.” నెర్రె బొమ్మ పంపింది. కాసేపటికి ఆయనే ఉంచెయ్యమన్నాడు.

సాయంత్రం మధు వచ్చి సోఫాలో కూలబడ్డాడు. “కాళ్లు గుంజుతున్నయ్, జర నీళ్లు తే. రేపు మన దిల్‌సుఖ్‌నగర్‌లనే వంటా వార్పు. గిట్లనే అన్నీ తయారు చేసిపెట్టు.”

నీళ్లు తెచ్చి ఇచ్చింది. “రేపు ఇంట్ల నేనేం చెయ్య” అంది.

“ఏంది? ఉద్యమానికి చెయ్యనంటవా?”

“చెయ్యనని ఎవరన్నరు? రేపు రోడ్డు మీద గరిటె నేను పడత. నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద” అంటూ చింతపండు గిన్నె తెచ్చి అతని ఫోను పక్కన పెట్టింది.