తాళాలాయన పక్కిల్లు

అమ్మ పోయాక మిషనక్కకి నిద్ర దూరమైంది. ఆవిడ కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. బజారంతా ఆ పేరుతోనే పిలుస్తారు. మంచం పట్టిన తల్లికి అన్నీ తానే అయి చేసింది. ఎత్తి కూర్చోబెట్టీ, పడుకోబెట్టీ నడుము పోయింది. ఇప్పుడు ఎత్తాల్సిన మనిషి లేకపోయినా ఒళ్ళు ఆ బరువు దించుకోలేదు.

వేరే ఊళ్ళో ఉన్న అన్న ఓరోజు ఫోన్లో అన్నాడు. "నాన్న తరఫు వాళ్ళందరికీ చెప్పాం. అమ్మ తరఫున చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడా?"

"ఎవరున్నారో నీకేమన్నా తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? దగ్గరున్నదానివి, నీకే తెలియాలి."

దగ్గరున్నదానికీ తెలియదు. అమ్మానాన్నలది ఇళ్ళలో ఒప్పుకోని పెళ్ళి. జన్మలో కూతురి ముఖం చూడనన్నాడు తాత. "ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప ఎక్కకు" అన్నాడు నాన్న. ఇద్దరు మొండివాళ్ళ మధ్య అమ్మ నోరు మూసుకుంది. ఇద్దరూ పోయాక కూడా తెరవలేదు. పుట్టిన ఊరు, తండ్రి పేరు, ఇంకో ముక్క తప్ప ఆవిడ నోట ఏమీ రాలేదు. "మా పక్కింట్లో తాళాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. తెల్లారితే ఆకురాయి చప్పుడే."

ఆ ముక్క పట్టుకునే మిషనక్క కొట్టు మూసి ఆ ఊరికి బస్సెక్కింది. పాత కాపురాల సంగతి తెలియాలంటే మున్సిపాలిటీలో పాత ఇంటిపన్ను రిజిస్టర్లు చూడమన్నారు ఎవరో. అవి ఆఫీసు వెనక, చెమ్మ దిగిన గదిలో, కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అక్కడి గుమస్తా ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఆస్తి తగాదానా?"

"కాదండీ. మా తాత ఇల్లు ఎక్కడుండేదో చూడాలి."

"ఆస్తి లేకుండా తాతని ఎవరు వెతుకుతారమ్మా?"

"మా అమ్మ పోయింది. ఆ కబురు చెప్పడానికి ఎవరన్నా ఉన్నారేమోనని."

గుమస్తా దుమ్ము తుడుచుకోమని ఓ గుడ్డముక్క ఇచ్చి, తన కుర్చీ ఆవిడవైపు జరిపాడు.

ఒక్కో వీధికి ఇళ్ళన్నీ వరసగా రాసి ఉన్నాయి, యజమాని పేరు, చేసే పని. దర్జీ. ఆయన పక్కన బడిపంతులు. ఆ పక్కన తాళం వేసిన ఇల్లు. తాత పేరుగలవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆ పేరు కనపడ్డప్పుడల్లా ఆవిడ ప్రాణం లేచొచ్చేది, పక్కిళ్ళ పనులు చూసి మళ్ళీ కూలబడేది. ఒకాయన పక్కన కలప వ్యాపారి, ఇంకొకాయన పక్కన వకీలు. సాయంత్రానికి కళ్ళు మంటలెత్తాయి. రాత్రి సత్రంలో ఎటు తిరిగి పడుకున్నా నడుము ఊరుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఓ వంకర సందు పేరు కింద దొరికింది. 'తాళములు బాగుచేయుట.' దాని కిందే తాత పేరు. 'అద్దములు బిగించుట.' తాత అద్దాల పనివాడని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఏడుపు వస్తుందేమో, సంతోషం వేస్తుందేమో అనుకుంది. మెడ నొప్పి తప్ప ఏమీ తెలియలేదు.

తర్వాతి రిజిస్టర్లలో తాత వరస కొట్టేసి ఉంది. మనిషి పోయాడు, ఇల్లు కూల్చేశారు. తాళాలాయన ఇల్లు మాత్రం అద్దెకిచ్చినట్టుంది. పన్ను నోటీసు పంపడానికి వేరే వీధి చిరునామా రాసి ఉంది.

ఆ చిరునామాలో తాళాలాయన కూతురు ఉంటోంది. అమ్మ ఈడు మనిషి. కిటికీ దగ్గర దుప్పటి అంచు కుడుతూ తలెత్తి చూసింది.

"నువ్వు దాని కూతురివి కదూ! ఆ నిలబడ్డం చూడు, అచ్చు అదే. ఏదీ మీ అమ్మ? పోయినేడు రాలేదు, ఈ ఏడూ రాలేదు. ఒక ఫోనన్నా లేదు. నాకూ పంతముంది, నేనూ చెయ్యలేదు."

మిషనక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మ మీ దగ్గరికి వచ్చేదా పిన్నీ?"

"ఏటా వచ్చేది. మీకేం చెప్పేదో మరి."

కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పేది. మంచం పట్టేదాకా ఆ కళ్ళతోనే సూదిలో దారం ఎక్కించిన మనిషి.

"మీ తాత మంచాన పడ్డప్పుడూ అదే వచ్చి చేసింది. స్నేహితురాలికి కాన్పని మీ నాన్నకి చెప్పిందట. ఆ స్నేహితురాలు నేనే. నాకప్పటికి పెళ్ళే కాలేదే అమ్మాయ్!" పిన్ని పకపకా నవ్వింది. "ఆ ముసలాయన మాత్రం? ముఖం చూడనన్నాడుగా, కళ్ళు మూసుకుని దాని చేత్తో తినేవాడు. కడుపు నిండాక గోడకి తిరిగి పడుకునేవాడు."

ఆ నవ్వు ముఖం చూస్తూ చెప్పడం మిషనక్క వల్ల కాలేదు. నేల చూస్తూ చెప్పింది. "పిన్నీ, అమ్మ పోయింది."

సూది ఆగింది. "ఎప్పుడు?"

"వానలకి ముందు. ఏడాది పైనే మంచంలో ఉంది."

"అయితే నేను ఇక్కడ అలిగి కూర్చున్నన్నాళ్ళూ అదక్కడ..." పిన్ని సూదిని దుప్పటికి గుచ్చి అడిగింది, "నన్నేమన్నా తలుచుకుందా?"

అవునంటే పోయేది. కానీ అబద్ధం అల్లే ఓపిక కూడా లేదు ఆవిడకి. "మాట పడిపోయింది పిన్నీ. ఎవర్నీ అడగలేదు."

పిన్ని తలూపింది. మిషనక్కకి అమ్మ మీద కోపం పొంగింది.

"నాకన్నా చెప్పొచ్చు కదా! నాన్న పోయాక దాపరికం దేనికి? ఎత్తి కూర్చోబెట్టి నీళ్ళు పోసినదాన్ని నేను. నా దగ్గరా?"

"ఏమోనే. దాచి దాచి అలవాటైపోయిందేమో. ఇక్కడికొచ్చి మాత్రం ఏం చేసేది? పడుకునేది. తిని మళ్ళీ పడుకునేది. లేపితే తిట్టేది. నీకూ ఆ మొహంలో నిద్ర కనిపిస్తోంది. పో, ఆ లోపలి మంచమ్మీద పడుకో."

కోపంతోనే వెళ్ళి పడుకుంది మిషనక్క. తలగడ మీద తల ఆనించడమే గుర్తు. లేచేసరికి గదిలో దీపం వెలుగుతోంది. పిన్ని మంచం అంచున కూర్చుని నిశ్శబ్దంగా ఏడుస్తోంది. మిషనక్క జరిగి చోటిచ్చింది.

ఇప్పుడు కొట్టు మూసిన రోజుల్లో ఆవిడ ఆ ఊరు వెళ్ళొస్తుంది. పిన్ని అమ్మ కబుర్లు చెబుతుంది, ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పదు. అమ్మ మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అక్కడ మాత్రం నిద్ర పడుతోంది.