పుట్టింటి పక్షి

ఆ వారం జూలో పనిచేసే వుయెల్వా చేయవలసిన పనులు చాలానే ఉన్నాయి. ఊరి సభ నోటీసు దుకాణం తలుపుకీ, చర్చి గోడకీ, పశువుల్ని మందునీళ్ళలో ముంచే తొట్టి దగ్గరి స్తంభానికీ అంటించాలి. సభకి వచ్చినవాళ్ళ భోజనానికి గొర్రెను మాట్లాడాలి. బడి నుంచి బెంచీలు అడిగి తేవాలి. జొన్నబీరు కాచే ఆడవాళ్ళకి ముందే చెప్పి గింజలు నానబెట్టించాలి. జూలోని పాత బోర్డులు పీకించి కొత్తవి రాయించాలి. అమ్మ శాలువా ఉతికి ఆరేయాలి. ఆడది భుజాలు కప్పుకోకుండా పశువులదొడ్డి దగ్గర సభలో నిలబడితే ఆమె మాట ఎవరూ వినరు. అన్నిటికీ మించి, ఊరివాళ్ళ చేత ఊ అనిపించాలి.

చివరిది తప్ప తక్కినవన్నీ శుక్రవారానికల్లా అయిపోయాయి. ఒక్క బోర్డు మాత్రం పీకించలేదు. రేపు చూద్దాంలే అనుకుంటూ దాన్ని దాటుకుని పోతూ వచ్చింది.

మ్తాతా పట్నానికి వెళ్ళే రోడ్డు పక్కన ఉన్న ఆ జూ చాలా చిన్నది. ఎప్పుడో చనిపోయిన ఒక దుకాణందారు రెండు నిప్పుకోళ్ళతోనూ ఒక కోతితోనూ దాన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు దానికొక కమిటీ ఉంది, ఫుమ్లానీ అనే కుర్ర డైరెక్టరు ఉన్నాడు, తిట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఇరుకు పంజరాల జూని మూసేయమని పట్నంవాళ్ళు పత్రికలకు రాస్తారు. సింహం అరుపుకి ఆవులు పాలు ఎగ్గొడుతున్నాయని ఊరివాళ్ళు పోట్లాటకొస్తారు. ఇంతలో ఫుమ్లానీ జూని పెంచుతానన్నాడు. జూ వెనక కొండవాలు ఊరి మేతభూమి. ఆ వాలు కింది సగంలో సింహాలను వదిలి, జనాన్ని బండ్లలో తిప్పి చూపిస్తాడట. పై సగంలో, రాతిగోడ నీడన, అరుదైపోయిన నేల హార్న్‌బిల్ పక్షులకు పిల్లల్ని పెట్టిస్తాడట.

వుయెల్వాకి కావలసింది ఆ పై సగమే. నల్లగా, బాతుకన్నా పెద్దగా, మెడ కింద ఎర్రటి సంచితో, ఆడపిల్లలు అసూయపడే కనురెప్పల వెంట్రుకలతో ఉండే, జూలోని ఆ పక్షుల జంటను ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. వాటి పంజరం రోడ్డువైపు ఉంది. ఎదురుగా టాక్సీ స్టాండు వచ్చి, పొద్దస్తమానం పాటలు మోగడం మొదలయ్యాక ఆడపక్షి గూట్లోకి వెళ్ళడం మానేసింది. అంతకుముందు రెండేసి గుడ్లు పెట్టేది. మొదటి పిల్ల బతికేది, రెండోది ఆకలికి చచ్చిపోయేది. ఆ జాతి తీరే అంత. ఆ రెండో పిల్లను తీసి చేత్తో పెంచగలిగితే జాతి నిలుస్తుంది. అందుకు కావలసింది నిశ్శబ్దం.

"ఊరు ఒప్పుకుంటే సరే," అన్నాడు ఫుమ్లానీ. "లేదంటే ఈ చలికాలంలోనే జంటను ఉత్తరాన పెంపకం కేంద్రానికి పంపేస్తానక్కా. వాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారు."

"అవి ఇక్కడే పెరిగాయి తమ్ముడూ."

"పెరిగాయి. ఇక్కడే ముసలివైపోతున్నాయి కూడా. అది చెప్పు."



ఆమె తల్లి అదే జూలో మాంసం కోసేది. తండ్రి గేటు దగ్గర కూర్చునేవాడు. తల్లిని అందరూ ఆమె పుట్టింటి వంశం పేరుతో మాద్లోమో అని పిలిచేవారు. నదికి అవతలి గట్టు నుంచి కోడలిగా వచ్చింది. మామగారి పేరు త్సికి. కోడలు మామగారి పేరు పలకకూడదు సరే, ఆ పేరులోని ముక్క ఏ మాటలో దొర్లినా ఆ మాటే నోట రాకూడదు. దానికి బదులు ఇంకో మాట వెతుక్కోవాలి. ఈ పక్షి పేరేమో ఇంత్సికీజీ. మామగారు ఆ పేరు నడిమధ్యన కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

అందుకని మాద్లోమో దాన్ని 'పుట్టింటి పక్షి' అంది. తెల్లవారుజామున ఆ జంట పెద్ద డోలు మోగినట్టు అరుస్తుంది. ఏమంటున్నాయో అక్కడి పిల్లలందరికీ తెలుసు. "పోతా, పోతా, మా పుట్టింటికి పోతా" అంటుంది ఆడది. "పో, పో, ఎన్నాళ్ళనించో అంటూనే ఉన్నావుగా" అంటుంది మగది.

వాళ్ళింట్లోనూ అదే పాట. ఏ దంచిన మొక్కజొన్నో మాడినందుకు మాటామాటా పెరిగితే, మాద్లోమో దుప్పటి భుజాన వేసుకుని గుమ్మం దిగేది. "ఇవాళ నిజంగానే నది దాటేస్తాను, చూస్తూ ఉండండి!" తండ్రి కుర్చీలోంచి లేవకుండానే గొంతు బొంగురు చేసి మగపక్షిలా అనేవాడు, "పో, పో, ఎన్నాళ్ళనించో..." ఆమె నవ్వాపుకోలేక గుమ్మంలోనే కూలబడేది. నవ్వాక ఆ దుప్పటితోనే కళ్ళు ఒత్తుకునేది. అప్పట్లో నవ్వు ఎక్కువై అనుకునేది వుయెల్వా. అవతలి గట్టున అమ్మ తరఫువాళ్ళంతా గనుల ఊళ్ళకి తరలిపోయారని, వెళ్ళినా తలుపు తీసేవాళ్ళు లేరని పెద్దయ్యాక తెలిసింది.

జూ పెట్టిన దుకాణందారు ఒకరోజు మాంసం గది దగ్గరకొచ్చి, "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని ఆమెనే అడిగాడట. ఆమె తనకి చేతనైన జవాబు చెప్పింది. ఆయన అదే బోర్డు మీద రాయించాడు. సాయంత్రం బోర్డు చూసిన తండ్రి గేటు పట్టుకుని నవ్వాడు.

"సరిచేయించవయ్యా మరి!" అన్నారు తోటివాళ్ళు.

"ఎలా సరిచేయిస్తాను? మా నాన్న పేరు తీసుకెళ్ళి పంజరానికి తగిలించమంటారా?"

అలా ఆ బోర్డు ఉండిపోయింది. ఎండకీ వానకీ రంగు పోతే తండ్రే మళ్ళీ రంగు వేసేవాడు. బడి నుంచి వచ్చిన పిల్లలంతా ఆ పేరే నేర్చుకున్నారు. వుయెల్వా తరగతిలో వేరే ప్రాంతం నుంచి వచ్చిన పంతులు ఈ పక్షి బొమ్మ చూపించి పేరు అడిగితే, తరగతి తరగతంతా ఒక్క గొంతుతో 'పుట్టింటి పక్షి' అని అరిచింది. ఆ పంతులు బిత్తరపోయి పుస్తకం తిప్పి అట్ట చూసుకున్నాడు.

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి వుయెల్వా. నోటీసు ఆమే రాసింది. తప్పు దొర్లకూడదని జాగ్రత్తగా రాసింది. 'కొండవాలు పై భాగంలో ఇంత్సికీజీ పక్షుల పెంపక కేంద్రం.'

మర్నాటికల్లా తొట్టి దగ్గరి నోటీసు చిరిగి ఉంది. దుకాణం ముందు పొడుగు పొగాకు గొట్టాలు పీలుస్తూ కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను చూసి మాట ఆపేశారు. ఇంత్సికీజీ ఇంటి మీద వాలితే ఆ ఇంట్లో ఎవరో ఒకరు పోతారని అక్కడ నమ్ముతారు. వాన పడకపోతే దాన్ని చంపి నదిలో ముంచేవారు, ఆకాశం ఏడుస్తుందని. అలాంటి పక్షిని ఎవరు మాత్రం తమ నెత్తిన పెంచమంటారు?

శనివారం ఊరిపెద్ద ఇంటి దొడ్డి పక్కన సభ కూడింది. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఫుమ్లానీ ముందు మాట్లాడాడు. పర్యాటకం, ఉపాధి, జీవవైవిధ్యం అన్నాడు. వెనక ఒకతను గట్టిగా ఆవలించాడు.

అప్పుడు జోలీలె ముసలాయన కర్ర ఊని లేచాడు. ఆ కొండవాలు మీద ఎక్కువ పశువులు ఆయనవే. నోటీసు చింపింది కూడా ఆయనే, ఆ సంగతి దాచలేదు.

"అబ్బాయీ, నీ సింహాలు మా దూడల్ని తింటాయి. నీ పక్షులు మమ్మల్నే తింటాయి. చర్చి అద్దాలు పగలగొట్టిందెవరో చెప్పు ముందు!"

"అది అడవిలోంచి వచ్చిన పక్షి. అద్దంలో తన నీడ చూసుకుని ఇంకో పక్షి అనుకుంది తాతా..." అన్నాడు ఫుమ్లానీ.

"నా భార్య కూడా రోజూ అద్దం చూసుకుంటుంది. ఎప్పుడైనా పగలగొట్టిందా?"

సభంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు. "ఇంత్సికీజీలు మా ఇళ్ళ పైన వద్దు. అంతే." చాలా తలలు ఊగాయి.

వుయెల్వా శాలువాకి పిన్ను సరిచూసుకుని లేచింది. రాసిపెట్టుకున్న మాటలన్నీ మర్చిపోయింది. ఇంతలో చాపల మీంచి నోతెంబా, చిన్నప్పుడు ఆమెతో బడికి వచ్చిన మనిషి, అడిగింది: "అది సరేనే వుయెల్వా, మన పుట్టింటి పక్షి సంగతేంటి? దాన్ని తీసేస్తారా? మా పిల్లలకి ఆదివారం చూపించడానికి అదొక్కటేగా ఉంది!"

"అదే కదే ఇది!" అంది వుయెల్వా.

"ఏది?"

"నోటీసులో రాసింది దాని గురించే. ఆ జంట కోసమే ఆ వాలు అడుగుతున్నాం. ఇవ్వకపోతే ఉత్తరానికి పంపేస్తారు."

చాపల మీద గుసగుస లేచింది. "అయ్యో, ఆ పిచ్చి మొహాలనా?" "మా అత్త పోయిన ఏడాది కూడా వాటి అరుపుకే లేచేదమ్మా..." చిన్నవాళ్ళు చాలామందికి రెండు పేర్లూ తెలుసు. రెండూ ఒకే పక్షివని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకటి అమ్మమ్మ భయపెట్టడానికి చెప్పేది, ఇంకోటి ఆదివారం చేత్తో చూపించేది.

జోలీలె కర్ర నేలకి కొట్టాడు. "ఆగండి! మీ అవసరాన్ని బట్టి ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు. చదువుకున్నదానివని మమ్మల్ని మాయ చేస్తున్నావా పిల్లా?"

"నేను మార్చలేదు బాబాయ్. మా అమ్మ మార్చింది. మార్చక తప్పలేదు. మా తాత పేరు త్సికి. ఆయనకి నేను మనవరాల్ని, కోడల్ని కాదు కాబట్టి నేను పలకొచ్చు. అమ్మ చచ్చేదాకా పలకలేదు. ఆఖరికి ఆసుపత్రిలో జ్వరం మత్తులో కూడా, 'పుట్టింటి పక్షికి మాంసం పెట్టారా' అనే అడిగింది."

జోలీలె టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మాద్లోమో," అన్నాడు. తర్వాత బెంచీల వైపు తిరిగి, "ఆ పేరు ఎలా పుట్టిందో మీకెవరికీ తెలీదు. నాకు తెలుసు," అన్నాడు.

చాపల మీదివాళ్ళు కాస్త ముందుకి జరిగారు.

"ఆవిడ కొత్త కోడలు. నాకు వదిన వరస. మేం కుర్రాళ్ళం పోగై, ఆవిడ నీళ్ళకి పోతుంటే దారికి అడ్డం నిలబడ్డాం. చేలో ఈ పక్షి నడుస్తోంది. 'వదినా, వదినా, ఆ నల్ల పక్షి పేరేంటో చెప్పవా' అన్నా. నోరు జారితే ఊరంతా చాటాలని. త్సికి పెద్దాయన కొంచెం ఎడంగా మేకల్ని తోలుతున్నాడు, వింటున్నాడు కూడా. ఈవిడ బిందె దించలేదు, తల తిప్పలేదు. 'మరిది గారూ, అది నాలాంటిది. పుట్టింటికి పోతా పోతా అంటుంది, పోదు,' అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "త్సికి పెద్దాయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకేమో రెండు తగిలించాడు."

ఈసారి నవ్వుల్లో ఆయన కూడా కలిశాడు. నవ్వుతూనే కర్రతో నేల మీద అడ్డంగా గీత గీశాడు. "పై సగం ఆ పక్షికి. కింది సగం మా ఆవులకి. సింహాలకి ఏమీ లేదు. ఇంకొకటి. ఆ బోర్డు పైకి రావాలి. కొత్తది కాదు, అదే రావాలి."

"సింహాలు లేకపోతే జూకి జనం ఎక్కడినుంచి వస్తారు తాతా?" అని ఫుమ్లానీ దాదాపు ఏడుపు మొహం పెట్టాడు.

"అది నీ గోల."

ఊరిపెద్ద చుట్టూ చూశాడు. ఎవరూ లేవలేదు. మాట ఖాయమైంది. గొర్రెమాంసం ఉడికిన వాసన అప్పటికే దొడ్డి దాకా వచ్చింది.

ఫుమ్లానీ తన పథకాన్ని సగానికి మడుచుకోవలసి వచ్చింది. పత్రికల్లో తిట్లు ఆగలేదు. చలికాలం చివర జంటను పైకి మార్చారు. చాలా రోజులు అవి మూగగా తిరిగాయి. వుయెల్వా భయపడింది. వానలు మొదలయ్యాక ఒక తెల్లవారుజామున ఆడది అరిచింది, మగది బదులు చెప్పింది. గేటు దగ్గర నాన్న కుర్చీ చాలాకాలంగా ఖాళీగానే ఉంది. అయినా ఆమె అటు తిరిగి చూసింది.

ఆడపక్షి రాతి గూట్లోకి వెళ్ళి రెండు గుడ్లు పెట్టింది. రెండో పిల్ల ఇప్పుడు వుయెల్వా దగ్గర ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదు, బతుకుతుందో లేదో తెలీదు. తల్లిపక్షి తల ఆకారంలో కుట్టిన నల్ల తొడుగు చేతికి వేసుకుని దానికి మాంసం ముక్కలు పెడుతుంది. మనిషి గొంతు వింటే అది మనిషినే తల్లి అనుకుంటుంది. కాబట్టి దాని దగ్గర ఏ మాటా పలకదు. పేరు కూడా పెట్టలేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగినప్పుడల్లా, అమ్మకి ఇది ఎంత అలవాటైపోయి ఉంటుందో అనుకుంటుంది.

ఆ వాలు మీది నుంచి నది కనిపిస్తుంది. అవతలి గట్టున కూలిన గోడలు, ఒక కలబంద వరస కనిపిస్తాయి. అదే మాద్లోమో పుట్టిల్లు. ఆ జంట అటే తిరిగి అరుస్తుంది.

మీరెప్పుడైనా ఆ రోడ్డున పోతే టాక్సీ స్టాండు దగ్గర దిగి, కాస్త పైకి ఎక్కండి. వంకర అక్షరాలతో, ఎన్నో పూతల రంగుతో ఒక బోర్డు ఉంటుంది. పక్షిని చూడండి, తప్పు లేదు. కానీ ఆ బోర్డు మీది పేరు చదివినప్పుడు, తలమీద బిందెతో, తల తిప్పకుండా ఆ మాట అనేసి నడిచిపోయిన కొత్త కోడలిని, మాద్లోమోను, ఒక్కసారి గుర్తు చేసుకోండి.