కొక్కేనికి వేలాడిన దిమ్మ

పొద్దుటి నుంచి ప్రమీలారాణి వాకిలి మూడుసార్లు ఊడ్చింది. ఇనప గనుల ఊరు కిరండూల్‌లో వాకిలి ఊడవడమంటే గని దుమ్మును ఇటు నుంచి అటు నెట్టడమే, కాసేపటికి అది మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అయినా ఊడ్చింది. చేతులు ఊరుకోవడం లేదు మరి.

"ఓలమ్మా, కూకోయే. నీ తిరుగుడు సూస్తే నాకు కళ్లు తిరుగుతన్నాయి," అంది అత్త చిన్నమ్మి, గుమ్మంలో బియ్యం ఏరుతూ.

కూర్చుంటే ఫోను గుర్తొస్తుంది. ఏడు నెలల కిందట మొగుడు నీలకంఠంతో మాట్లాడిన ఆఖరి ఫోను. "అక్కడి సంతలో ఊదారంగు శాలువాలు బాగుంటాయట, ఒకటి తేవా" అని అడిగింది తనే. మర్నాడు ఆ సంత వీధిలోనే ఉగ్రవాదుల బాంబు పేలింది.

నీలకంఠం సర్కారు రోడ్ల శాఖ డ్రైవరు. అఫ్ఘానిస్తాన్‌లో మన వాళ్లు వేస్తున్న రోడ్డుకు లారీలో సిమెంటు తోలేవాడు. పరాయి దేశంలో డ్యూటీ చేస్తూ ఉగ్రవాదుల చేతిలో పోయాడు కాబట్టి ప్రత్యేక పరిహారం, భార్యకు ఉద్యోగం అన్నారు. ఆ తర్వాత మెలిక పెట్టారు. సంతలో సొంత పని మీద బండి దిగి ఉంటే అది డ్యూటీ కాదట! పేలుడులో అంతా మాడిపోయి, అతను బండిలో ఉన్నాడో దిగాడో ఎవరూ చెప్పలేకపోయారు. పోయిన మనిషి ఏ పని మీద పోయాడో తేల్చడానికి ఆ మహానుభావులకు ఏడు నెలలు చాలలేదు.

శాలువా సంగతి ప్రమీల ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కంటికి కునుకు రావడం లేదు.

చెప్పినట్టే మధ్యాహ్నానికి విచారణ అధికారి సత్యమూర్తి గీదం నుంచి జీపులో దిగాడు. కుర్చీలో కూర్చుని ఫైలు విప్పాడు.

"అమ్మా, ఆరోజు మీవారికి సంతలో సొంత పనేమైనా ఉందా?"

ప్రమీల ఫైలులోని ఫొటో అందుకుంది. లారీ ముందు భాగం మాడి మసైపోయింది. వెనక చక్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి పక్కన కొక్కేనికి చెక్క దిమ్మ వేలాడుతోంది.

"మా ఆయన బండి దిగలేదండి," అంది.

"ఎలా చెప్పగలరు?"

"దిమ్మ కొక్కేనికే ఉంది కదండి. కొండమీద గనిలో డంపర్ తోలినోళ్లు దిగీ దిగగానే చక్రం కింద దిమ్మ ఎట్టాల, లేకపోతే వాలులో బండి జారిపోద్ది. నీళ్లు తాగడానికి దిగినా అంతే. ఈయనా అక్కడ పన్జేసినోడే. ఇంటి ముందు స్కూటర్‌కి కూడా ఇటికముక్క ఎట్టేవోడు. నేను నవ్వేదాన్ని."

సత్యమూర్తి ఫొటోను వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు.

"ఈ మాట పాత డ్రైవర్లెవరైనా రాసిస్తారా?"

"ఈ సందు నిండా ఆళ్లేనండి."

అతను కలం తీశాడు. "అయితే సొంత పనేమీ లేదని రాసుకోనా?"

ఊ అంటే చాలు.

"ఉందండి. శాలువా తెమ్మని నేనే అడిగాను." అత్త వైపు చూసే ధైర్యం లేక తలుపు రెక్క పట్టుకుంది.

"అడిగారని రాస్తాను. దిగలేదని కూడా రాస్తాను," అన్నాడతను. "పైవాళ్లు ఏమంటారో మాత్రం నేను మాటివ్వలేనమ్మా."

జీపు వెళ్లిపోయింది. చిన్నమ్మి చేట పక్కన పెట్టింది.

"శాలువా సంగతి నాకు అప్పుడే తెలుసే."

"ఏటత్తా?"

"ఆరోజు నువ్వు నీళ్లకెల్లినప్పుడు ఆడు మళ్లీ ఫోన్ సేసినాడు. ఊదారంగంటే వంకాయ రంగేనామ్మా, దాన్నడిగితే నవ్వుద్ది అన్నాడు. అవున్రా అన్నాను."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా..."

"నేను సెప్తే తప్పు నీదే అన్నట్టుంటాది కదా. అందుకే ఊరుకున్నాను."

ప్రమీల అలవాటుగా చీపురు కోసం చెయ్యి చాచింది. అది అందకముందే అత్త పక్కన కూలబడి, ఆమె ఒళ్లో తల పెట్టుకుని, ఏడు నెలల ఏడుపూ ఏడ్చింది.