కాలమ్ లోపలి వేడి

"తప్పు నాదేనని ఒక్క మాట అనేస్తే పాయె గదా! నీ సొమ్మేం పోతాది?" అన్నాడు మొగుడు అబూబకర్.

ముబీనా పెనం మీద జొన్నరొట్టె తిప్పింది. కర్నూలు మే నెల. వంటింట్లో ఫ్యాను వేస్తే మంట రెపరెపలాడుతుందని అత్త చాంద్ బేగం దాన్ని ఎప్పుడో పీకించేసింది.

ముబీనా ఊరి బయటి మందుల కంపెనీ ల్యాబులో ఎనలిస్టు. పనంతా కాలమ్‌తోనే. జానెడు కూడా లేని ఉక్కు గొట్టం అది. లోపల పిండికన్నా మెత్తని పొడి కూరి ఉంటుంది. మందు కలిపిన ద్రవాన్ని విపరీతమైన ఒత్తిడితో అందులోంచి తోస్తే, మందు వేరుగా, మలినం వేరుగా బయటికొచ్చి తెరమీద సన్నటి మొనల్లా లేస్తాయి. పని తొందరగా తెమలాలని మేనేజరు ఓబులేసు ఈ మధ్య ధార వేగం పెంచాడు. అప్పట్నుంచి మొనలు లావెక్కాయి. ఇవాళ రెండూ కలిసిపోయి, సరుకు పరీక్షలో తప్పింది.

కారణం ముబీనాకు తెలుసు. అంత జోరుగా పొడిలో ఒరుసుకుంటూ పోయే ద్రవం తనంతట తానే కాగుతుంది. గొట్టాన్ని ఉంచిన పెట్టెలోని ఫ్యాను దాని అంచుల్ని చల్లారుస్తుంది, నడుమ వేడి నడుమే ఉండిపోతుంది. నడుమ పోయేది ముందుకురుకుతుంది, అంచున పోయేది వెనకబడుతుంది. మొన లావెక్కక ఏం చేస్తుంది? పెట్టెమీద వేడి చూపే అంకె మాత్రం నలభై డిగ్రీల దగ్గర కదలదు. ఓబులేసు ఆ అంకెను నమ్మి ఫ్యాను ఇంకా పెంచాడు. మొన ఇంకా లావైంది.

"నువ్వు చెప్పేది నిజమేనేమోమ్మా," అన్నాడు ఓబులేసు సాయంత్రం, ఆమె ఇదంతా విడమరిచి చెప్పాక. "కానీ ఆ పద్ధతి పెట్టింది నేను. పైనోళ్లు నా పీక పట్టుకుంటారు. శాంపిల్ సరిగా కలపలేదని నీ మీదేసుకుని కాగితం మీద సంతకం పెట్టు, ఈ పరీక్ష కొట్టేసి సరుకు పంపించేద్దాం. ఆడోళ్లు, ఇంటి ధ్యాసలో ఉంటారంటే ఎవురూ అడగరు."

మీదేసుకుంటే రావలసిన సీనియర్ పోస్టు పోతుంది. మళ్లీ గాజుసామాన్లు కడిగే బల్ల దగ్గర శిక్షణ.

ఆమెకు కోపం కూడా రాలేదు, అలసట వచ్చింది. "నా తప్పే" అనడం కొత్తేం కాదు. బిడ్డకు జ్వరమొస్తే నా తప్పే. చుట్టాలొచ్చినప్పుడు పాలు విరిగితే నా తప్పే. ఆయన బండి తాళాలు ఆయనే ఎక్కడో పెట్టి మరిచిపోయినా, ఎదురుగా పెట్టనిది నేనే. ఎప్పుడైనా నోరు తెరిస్తే, "నిమ్మళంగా ఉండు, దేనికంత వేడి?" అంటాడు అబూబకర్. ఆ మాటతో ఆమె ముఖం చల్లబడేది. ముఖం మాత్రమే.

ఫోను మోగింది. ఓబులేసు.

"ఏమ్మా, పొద్దున సంతకం పెడతాండావు గదా? సరుకు లారీ కాసుకోనుండాది."

'ఊ అను' అన్నట్టు అబూబకర్ తలూపాడు. "పెద్దాయన అంతగా అడుగుతాంటే ఏందే ఆలోచన?" అంది చాంద్ బేగం మంచం మీంచి.

"పెట్టను సార్," అంది ముబీనా. గొంతు పెరగలేదు. "కలిపిన దాంట్లో తప్పు లేదు. రేపు క్వాలిటీ వాళ్లను పిలవండి. మీ వేగంతో ఒకసారి, ధార తగ్గించి ఒకసారి, వాళ్ల ముందే నడిపి చూపిస్తా."

అవతల ఫోను కట్టయింది.

"ఏం చేసినావో తెల్సా నీకు?" అబూబకర్ లేచి నిలబడ్డాడు.

"తెల్సు. నిదానంగా నడిపితే రేపు నేనొచ్చేసరికి శానా పొద్దుపోతాది." ముబీనా పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగి, పిండిగిన్నె అతని చేతికిచ్చింది. "రొట్టె తట్టేది ఈ పొద్దే నేర్చుకోండి."