ఖాళీ అట్టలు

హొన్నమ్మ బీపీ పట్టీని ముసలామె జబ్బకు చుట్టి మీట నొక్కింది. పట్టీ బుస్సుమని ఉబ్బింది.

"మాట్లాడొద్దవ్వా, అంకె మారిపోతాది."

ముసలామె నోరు మూసుకుంది గానీ, కోడలి మీద చెప్పాల్సినవన్నీ కళ్లతోనే చెప్పింది. నూట నలభై. హొన్నమ్మ అంకెను ఫోనులో ఎక్కించి, నెలకు సరిపడా మాత్రలిచ్చి, పోయిన నెలవి ఖాళీ అయిన అట్టలు మూడూ తీసుకొని సంచిలో వేసుకుంది. పొద్దుటి నుంచి ఇది పదకొండో ఇల్లు.

యాభై రెండేళ్ల పొట్టి మనిషి. సంచి మోసి మోసి ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. మొగుడు శివలింగం బెంగళూరులో సెంట్రింగు పని చేస్తాడు, తోచినప్పుడు వస్తాడు. ఆమె కూడా ఇరవై ఏళ్లు ఇటుకలు మోసింది. తమిళనాడులోని ఇండూరు దగ్గర గుట్ట కింది పల్లెల్లో ఇంటింటికీ మందులు పంచే మనిషి కావాలన్నప్పుడు ఆమెను ఎంచుకున్నది తెలుగు వచ్చినందుకే. బయట అందరూ తమిళమే మాట్లాడతారు గానీ, మలబద్ధకం సంగతి చెప్పుకోవాలంటే ఎవరికైనా ఇంటి మాటే కావాలి.

మొదట ఆమెకు ఒకే పల్లె ఉండేది. ప్రతి ఇంట్లో కూర్చుని, చెంబుతో నీళ్లు తెప్పించి, తన ఎదుట ఒక మాత్ర మింగించి గానీ లేచేది కాదు. పని బాగా నడుస్తోందని పై అధికారులు మెచ్చుకున్నారు. మెచ్చుకున్న పాపానికి మరో రెండు పల్లెలు ఆమె నెత్తినే పెట్టారు. ఆ పైన ఫోనులో లెక్కలు, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇప్పుడు కూర్చునే తీరికెక్కడిది? మింగినారనడానికి ఖాళీ అట్టే సాక్ష్యం. అట్టలు తేవడంలో మాత్రం హొన్నమ్మను మించినవాళ్లు లేరని నర్సు ముత్తుసెల్వి అందరి ముందూ చెప్పింది.

ఆమెకు కొరుకుడు పడనిది మాదప్ప ఒక్కడే. అరవై ఎనిమిదేళ్ల మేకల కాపరి. నెలనెలా అట్టలు దారంతో కట్టి మరీ ఇస్తాడు, బీపీ మాత్రం నూట ఎనభై దిగదు. డాక్టరు అట్టలు చూసి, మందు చాలడం లేదని రెండో మాత్ర కలిపాడు. అయినా దిగలేదు. ఇక ఆలస్యం చేస్తే మనిషి దక్కడని, ధర్మపురి పెద్దాసుపత్రికి పిలుచుకొని పొమ్మని ముత్తుసెల్వి నిన్ననే చెప్పింది. ఈ రోజు ఎలాగైనా మాదప్పను కూర్చోబెట్టి మాట్లాడాలని హొన్నమ్మ అనుకుంది.

మాదప్ప ఇంటి వాకిట్లో అతని భార్య చిన్నతాయి చింతపండు గింజ తీస్తోంది. హొన్నమ్మను చూసి, చూరులోంచి అట్టల కట్టలు రెండు తీసింది. ఒకటి అతని బీపీవి, ఒకటి తన చక్కెర మాత్రలవి.

"మామ యాడ అత్తా?"

"గుట్ట మీదికి పోయినాడు. అర్ధగంట నడిస్తే కనపడతాడు."

ఫోను మోగింది. మూడో పల్లెలో ముప్పై మంది కాచుకొని ఉన్నారట. హొన్నమ్మ గుట్ట వైపు చూసింది. మేకలు తెల్లగా, నల్లగా కదులుతున్నాయి. మనిషి కనిపించలేదు. సంచి భుజానికి సర్దుకుంది.

"రేపు పొద్దున ఇంట్లోనే ఉండమను. నేనే వచ్చి ఆస్పత్రికి పిలుచుకొని పోతాను. మరవొద్దు."

"సరి, చెప్తాను. నీవు పోయేసి రా."

మూడో పల్లెలో తల ప్రాణం తోకకొచ్చింది. వేళ్లు పొడిచి నెత్తురు చూడడం, అంకెలు ఎక్కించడం, సిగ్నల్ పోతే మళ్లీ ఎక్కించడం. మధ్యాహ్నం ఎవరో పెట్టిన సంగటి నిలబడే తిన్నది. నాలుగింటికి మాదప్ప పక్కింటి పెరియసామి ఫోను చేశాడు. మేకలు వాటంతటవే ఇంటికి వచ్చేశాయట. వెతుక్కుంటూ వెళితే మాదప్ప బండకు ఆనుకొని కూర్చుని ఉన్నాడట, కర్ర ఒళ్లో పెట్టుకొని. పిలిస్తే పలకలేదు.

ఆమె చేరేసరికి పొద్దు వాలింది. మాదప్పను చాప మీద పడుకోబెట్టారు. హొన్నమ్మ అలవాటు కొద్దీ మణికట్టు పట్టుకుంది, చల్లగా తగిలితే వదిలేసింది. పొద్దున ఆ అర్ధగంట నడిచి ఉంటే అన్న మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది.

చిన్నతాయి లోపలి నుంచి ఒక ఊరగాయ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. దాని నిండా మాత్రలు.

"ఇది తీసుకొనిపో హొన్నా. ఇంకెవురికన్నా ఇయ్యి."

"ఇవేమిటత్తా?"

"ఆయనవే. బాగుండే మనిషికి మాత్తర ఏమిటికి, తల తిరిగిననాడు మింగుతాలే అనేవాడు. నెల కడాన కూర్చొని అన్నీ వలిచి దీంట్లో ఏసేవాడు. అట్ట ఖాళీగా లేకుంటే నర్సు మేడం తిడతాదని నీవు ఒగసారి చెప్తివి గదా. మన హొన్న పిల్లకు మాట రాకూడదనేవాడు."

హొన్నమ్మ నిజంగానే ఆ మాట అన్నది. గుమ్మంలోనే నిలబడి, నవ్వుతూ, పక్కింటికి పోయే తొందరలో. ఇప్పుడామెకు ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. సీసాను గడప మీద పెట్టింది.

"అత్తా, మరి నీ మాత్రలు?"

చిన్నతాయికి ఆ ప్రశ్నలో వింతేమీ కనిపించలేదు.

"నాది వేరే సీసా. లోపల ఉండాది."

వెళ్లి తెచ్చి మొదటి సీసా పక్కన పెట్టింది. పెరియసామి భార్య గంజి తెస్తే హొన్నమ్మ గ్లాసు తనే పట్టుకొని చిన్నతాయికి సగం తాగించింది. సంచిలోంచి కొత్త అట్ట తీసి, ఒక మాత్ర వలిచి, చిన్నతాయి అరచేతిలో పెట్టి, ఆమె నోటినే చూస్తూ కూర్చుంది. ఫోను రెండుసార్లు మోగి ఊరుకుంది. మాత్ర గొంతు దిగింది.

గడప మీద సీసాలు రెండూ పక్కపక్కన ఉన్నాయి. మాదప్ప సీసా మూత సందులో మేక వెంట్రుక ఒకటి ఇరుక్కొని, గాలికి కదులుతోంది.