నది వైపు గోడ

మోకు ఆమె వేళ్ళ మధ్యనుంచి మూర వెంట మూర జారుతోంది. ఈ పనికి కళ్ళు మూసుకుంటేనే మేలు. ఎక్కడ పోగు తెగినా, ఎక్కడ పురి వదులైనా బొటనవేలికి ముందే తెలిసిపోతుంది. నలభై మూరలూ చూశాక, కూర్చునే చెక్కపీటకి కొసలు బిగించి, దాన్ని ఒకసారి మోకాలితో తొక్కి చూసింది. నడుముకి కొడవలి, ఉలి, చిన్న సుత్తి, సున్నం డబ్బా వేలాడగట్టుకుంది.

ఊళ్ళో అందరూ ఆమెని బల్లి అంటారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కోటగోడకి అంటుకుని బతికే మనిషిని ఇంకేమంటారు? కొత్తలో ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు గుమాస్తా హాజరు పుస్తకంలో కూడా అదే రాస్తున్నాడు. ఎముకలమీద తోలు కప్పినట్టుండే సన్నటి మనిషి. అరచేతులు మాత్రం ఆ ఒంటివి కావన్నట్టు వెడల్పుగా, సున్నం తిని పగుళ్ళు తేలి ఉంటాయి.

ఆరడుగుల అవతల, మోకు చుట్టే దుంగ దగ్గర, ఆమె తోటికోడలు చేతులకి తోలు తొడుగులు వేసుకుంటోంది. పెద్దకోడలు. భారీ మనిషి. అరవై దాటాయి. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసపడుతోంది. మూడో మలుపు దగ్గర ఆగి గోడకి చెయ్యి ఆనించి నిలబడడం బల్లి నాలుగు రోజులుగా చూస్తూనే ఉంది. అడగలేదు. అడిగే వీలు లేదు. ఇద్దరికీ మాటల్లేక ఇరవై రెండేళ్ళు. పనికి కావలసినవన్నీ మోకే చెబుతుంది: ఒకసారి లాగితే ఆపమని, రెండుసార్లు లాగితే దించమని, మూడుసార్లు లాగితే పైకి తియ్యమని.

బల్లి పీటమీద కూర్చుని, గోడ సందులోంచి కాళ్ళు బయటపెట్టి, రెండుసార్లు లాగింది. దుంగ కిర్రుమంది.

గోడ నది వైపు నిట్టనిలువుగా దిగుతుంది. పైన రెండు బారలు సిమెంటు పూత, అది ఇప్పటి ప్రభుత్వానిది. దాని కింద ఎర్ర ఇటుక. అవతలి ఒడ్డువాళ్ళు వందేళ్ళ కిందట కోట గెలిచినప్పుడు కట్టింది. అన్నిటికన్నా కింద, నీళ్ళు తాకే చోట, నల్లరాయి. అది ఎవరు కట్టించారో ఇరుపక్కలవాళ్ళూ తమ రాజే అంటారు. మొక్కలకి ఈ తగువుతో పనిలేదు. ఏ సందు దొరికితే ఆ సందులో మొలుస్తాయి. పీకినప్పుడు వేలెడు వేరు లోపల మిగిలిపోతే, ఏడాది తిరిగేసరికి అది మణికట్టంత లావై రాయిని చీల్చేస్తుంది. అందుకని వేరుని ఉలితో చివరిదాకా తవ్వి తీసి, సందులో సున్నం కూరాలి.

ఫిరంగులు చెయ్యలేని పని మొక్కలు చేస్తాయని కోటలో ప్రతి అధికారికీ భయమే. అందుకే ఎవరు వచ్చినా ఆమె పని పోలేదు. ఆమె పనిలో చేరిన ఐదో ఏట అవతలివాళ్ళు కోట పట్టుకుని ఎనిమిది నెలలు ఉన్నారు. వాళ్ళ అధికారి దుబాసీని వెంటబెట్టుకుని వచ్చి, నువ్వేం చేస్తుంటావని అడిగాడు.

"గడ్డి పీకుతున్నానండీ," అంది.

దుబాసీ ఆ మాట అనువదించడానికి జంకాడు. అధికారికి ఎగతాళిగా వినబడుతుందేమోనని అతని భయం. చివరికి ఆమే గోడమీది మొక్కని పీకి చూపించాల్సి వచ్చింది.

ఆ ఎనిమిది నెలలూ గడిచాక వాళ్ళు వెనక్కి పోతూ వంతెన పేల్చేశారు. కందకాలు తవ్వడానికి పట్టుకెళ్ళిన మగవాళ్ళని తమతోనే అటు తోలుకుపోయారు. వాళ్ళలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు: అంతవరకూ బల్లి మోకు పట్టిన ఆమె మొగుడు, అతని అన్న అయిన పెద్దకోడలి మొగుడు. నది మధ్యలో సరిహద్దు అన్నారు. నాలుగు నెలలకి చచ్చిపోయినవాళ్ళ జాబితా కోట తలుపుకి అంటించారు. తమ్ముడి పేరుంది, అన్న పేరు లేదు. బతికున్నవాళ్ళ జాబితా అంటూ ఎవరూ ఇవ్వలేదు.

జాబితా పడ్డ మర్నాడు పెద్దకోడలు మెట్లెక్కి వచ్చి దుంగ పిడి పట్టుకుంది. "దిగు. నేనున్నాను," అంది. ఆమెకి మొగుడు వస్తాడన్న ఆశ ఉంది, బల్లికి లేదు. ఆశ ఉన్నది ఆశ లేనిదానికి ఆసరాగా నిలవాలనుకున్నట్టుంది.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒకరోజు బల్లి ఎర్ర ఇటుకల దగ్గర వేలాడుతూ అవతలి ఒడ్డు చూసింది. కోటపైన మామూలు జనం అటు తొంగిచూడడం నేరం. పైగా అడ్డుగోడ మనిషెత్తు. అటువైపు కనబడేది ఆమె ఒక్కదానికే. బట్టలుతికే రాళ్ళ దగ్గర బావగారు నిలబడి ఉన్నాడు. భుజాల వాలు, నడక, అన్నీ ఆయనవే. పక్కన ఒక ఆడమనిషి. ఆయన చంకలో బిడ్డ.

ఆ సాయంత్రం చెబుదామనుకుంది. మర్నాడు చెబుదామనుకుంది. అలా మరో రెండేళ్ళు పోయాయి. చివరికి ఒకరోజు మెట్లు దిగుతూ పెద్దకోడలు, "ఆయనొచ్చేసరికి ఇంటికి సున్నం వేయించాలే," అంటే ఉండబట్టలేక చెప్పేసింది.

పెద్దకోడలు ఏడవలేదు. మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. "రెండేళ్ళు నేను పైన మోకు పట్టుకుంటే, నువ్వు కింద కూర్చుని చూస్తూ ఊరుకున్నావా?" అంది. అదే చివరి మాట.

ఆ మర్నాడు బల్లి భయపడుతూనే మెట్లెక్కింది. పెద్దకోడలు అప్పటికే వచ్చి, తొడుగులు వేసుకుని, పిడి పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు దిగినంత నెమ్మదిగా బల్లి ఎన్నడూ దిగలేదు. పై నుంచి మోకు ఎప్పటిలాగే, కుదుపు లేకుండా వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా అలాగే వస్తోంది.

మధ్యాహ్నం మూడుసార్లు లాగి పైకి వచ్చింది. ఇద్దరూ ఎప్పటిలాగే దుంగకి చెరోవైపు, వీపు వీపుకి పెట్టినట్టు కూర్చుని డబ్బాలు విప్పారు. పెద్దకోడలు రెండు ముద్దలు తిని ఆపేసింది.

"ఆ రోజు ఏం చొక్కా వేసుకున్నాడు?"

బల్లి చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎవరు, ఏ రోజు అని అడగాల్సిన పని లేదు.

"నీలంగీతలది, అక్కా."

"నేను కుట్టిందే. పోయేనాడు ఒంటిమీదున్నది అదే." డబ్బా మూత వెతుక్కుంటూ, "గట్టి గుడ్డే అయితే," అంది.

బల్లి నీళ్ళు తాగింది. "అక్కా, అప్పుడు నేను చెప్పకపోవడం... భయపడ్డాను."

"దేనికి?"

"చెబితే నువ్వు మోకు వదిలేస్తావేమోనని."

వెనక డబ్బా మూత బిగించిన చప్పుడు.

"అది నాకు అప్పుడే తెలుసే. మొగుడి సంగతి ఎలాగోలా దిగమింగాను. నీకు నామీద అలాంటి అనుమానం వచ్చిందన్నదే మింగుడుపడలేదు."

బల్లి వెనక్కి తిరిగింది. పెద్దకోడలు అప్పటికే లేచి తొడుగులు వేసుకుంటోంది. ముఖం చెమటతో తడిసి ఉంది, పెదవులు పాలిపోయాయి.

"ఒంట్లో బాగాలేదా? ఇవాళ్టికి ఆపేద్దాం."

"నాకేం రోగం? నల్లరాయి వరస ఒక్కటే మిగిలింది, కానిచ్చెయ్. కింద నాచు పట్టి ఉంటుంది, కాలు జాగ్రత్త."

నల్లరాయి దగ్గర పని బాగా సాగింది. ఒక మొండి వేరు కోసం గంటసేపు తవ్వింది బల్లి. తవ్వుతూ తనలో తనే నవ్వుకుంది, ఒకసారి ముక్కు చీదింది. ఇంటికి పోయాక ఏం మాట్లాడాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో చెప్పాల్సినవి చాలా పోగుపడ్డాయి. సున్నం కూరి, చేతులు నీళ్ళలో ముంచి కడుక్కుని, మోకు మూడుసార్లు లాగింది.

మోకు కదల్లేదు.

మళ్ళీ లాగింది. "అక్కా!" అని అరిచింది. నది హోరులో ఆ కేక గోడ ఎత్తులో సగం దాకా కూడా పోలేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, పాత భయం తిరిగొచ్చింది: అక్క తన మనసులోది చెప్పేసింది కాబట్టి, ఇప్పుడు... ఆ ఆలోచన పూర్తయ్యేలోపే సిగ్గేసింది. పాదాలు రాతికి తన్నిపెట్టి, మోకుని రెండు చేతులా పట్టుకుని పిలుస్తూనే ఉంది. ఎండ గోడమీదనుంచి తప్పుకుంది.

అవతలి ఒడ్డు కాపలావాడు దుర్భిణిలోంచి ఆమెని రోజూ చూసేవాడే. పొద్దు వాలుతున్నా ఆ మనిషి ఒకేచోట ఉండడం, చేతులూపడం చూసి, కాసేపు తటపటాయించి, ఈల ఊదాడు. దాడి జరిగితే తప్ప ఊదకూడని ఈల అది. ఇవతల కోటలో గంట మోగింది. తుపాకులు పట్టుకుని పది మంది పైకి పరుగెత్తారు.

పైన వాళ్ళకి కనబడింది ఒక్క ముసలావిడ. దుంగకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తల ఒక పక్కకి వాలింది. ఒళ్ళు చల్లబడి చాలాసేపైంది.

బల్లిని పైకి తియ్యడం వెంటనే కాలేదు. దుంగకి అడ్డుచీల దిగ్గొట్టి ఉంది. అది చాలదన్నట్టు, మిగిలిన మోకుని పక్కనున్న ఇనపకడియానికి మూడు చుట్లు తిప్పి ముడి వేసి ఉంది. ఆ ముడి విప్పలేక సైనికులు విసుక్కున్నారు.

"ఏం ముడి వేసిందిరా బాబూ ఈ ముసల్ది! చచ్చిపోతూ ఇంత బలం ఎక్కణ్ణించి వచ్చింది?"

పైకి వచ్చాక బల్లి నేరుగా దుంగ దగ్గరికి నడిచింది. అక్క పక్కన కూర్చుని, ఆమె చేతుల తొడుగులు ఒక్కొక్క వేలే వదులు చేసి తీసింది. కప్పడానికి దుప్పటి తెమ్మన్నారు.

ఇద్దరి గదులూ పక్కపక్కనే, మధ్యలో ఒకే గోడ. అక్క గదిలో బల్లి అడుగుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. తలుపు దగ్గరికి వేసి ఉంది, తాళం లేదు. మంచంమీద దుప్పటి మడతపెట్టి ఉంది. దాన్ని చంకన పెట్టుకుని వెనుదిరగబోతూ పొయ్యి వైపు చూసింది. పొయ్యి పక్కన, పొద్దున పనికి వెళ్ళేముందు అక్క నానబోసిన శనగల గిన్నె ఉంది. ఒక్క మనిషికి అన్ని ఎక్కువే, ఇద్దరికి సరిపోతాయి. రోజంతా నాని, ఉబ్బి, పైనున్న పళ్ళేన్ని ఒక పక్కకి ఎత్తేశాయి.